బుల్లెట్‌కి ముందు బ్రేకులు.. పికప్ తర్వాత!

పాత బండికి కొత్త భాగాలు వేయాలనుకునే మనవాళ్ల కోసం ఓ కోవెంట్రీ గ్యారేజీ అనుభవం

రెండేళ్ల కిందట జూన్‌లో ఓ ఆదివారం. కోవెంట్రీ నుంచి వార్విక్ వైపు ఏ46 రోడ్డు మీద వెళ్తున్నాను. బండి 1984 మోడల్ బుల్లెట్ 350. ఆ వారమే దానికి కొత్త సైలెన్సర్, పెద్ద కార్బొరేటర్, ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ బిగించాను. వేగం గంటకు 60 మైళ్లు దాటింది. అంతకుముందు 50 దాటితేనే వణికిపోయే బండి. సంబరం పట్టలేకపోయాను. ఆ సంబరం ఏడెనిమిది నిమిషాలే. ముందు ఇంజిన్ శబ్దం మారింది. ఎవరో వెనక్కి లాగుతున్నట్టు బండి బరువెక్కింది. ఆ వెంటనే వెనక చక్రం కిర్రుమంటూ జారింది. చెయ్యి దానంతటదే క్లచ్ నొక్కింది కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నాను. పక్కనున్న లే-బైలోకి దొర్లించుకెళ్లి ఆపి, కిక్కర్ తొక్కి చూశాను. బండరాయి మీద కాలు పెట్టినట్టుంది. ఇంజిన్ సీజైంది.

ఇంటికి తెచ్చి హెడ్, బోరు విప్పితే పిస్టన్ పక్కలంతా గీతలు. అల్యూమినియం కరిగి బోరుకు అంటుకుపోయింది. నేను కొన్న భాగాల్లో ఏదీ నాసిరకం కాదు. అమ్మినవాళ్లు మోసం చేయలేదు. తప్పంతా నేను వాటిని బిగించిన వరసలో ఉంది. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మనవాళ్ల గ్యారేజీల్లో ఇప్పుడు బుల్లెట్లు, యెజ్డీలు, ఆర్ఎక్స్ 100లు బాగానే కనిపిస్తున్నాయి. నాన్న నడిపిన బండి, కాలేజీలో కొనలేకపోయిన బండి, ఏదో ఒక కథ ఉంటుంది ప్రతిదాని వెనకా. కొన్న మూడో నెలకే ‘దీన్ని కొంచెం స్పీడు చేద్దాం’ అన్న ఆలోచన కూడా అందరికీ వస్తుంది. వాళ్లకైనా నా బోరు గీతలు పనికొస్తాయని ఈ ప్రయత్నం.

తెనాలి నుంచి తిరువొట్టియూరు దాకా

మా నాన్నగారు ఇరిగేషన్‌లో పనిచేసేవారు. కాలవ గట్ల మీద ఆయన్ని మోసింది నల్ల బుల్లెట్. నేను 2006లో ఎమ్మెస్సీకి ఇక్కడికి వచ్చే ముందు దాన్ని అమ్మేశారు. ‘మోకాళ్లు నొప్పులమ్మా, ఇక కిక్కు కొట్టలేను’ అన్నారు. మోకాళ్ల నొప్పులు నిజమే. నా మొదటి టర్మ్ ఫీజులో ఎంత తక్కువైందో, బండికి ఎంత వచ్చిందో కూడా నాకు తెలుసు. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఇక్కడ ఓ రిటైరైన ఇంగ్లిష్ పెద్దాయన ప్రకటన చూసి వెళ్తే, ఆయన షెడ్డులో అదే నల్ల బుల్లెట్. ఇంగ్లండ్‌లో తయారైంది కాదు, మద్రాసు తిరువొట్టియూరు ఫ్యాక్టరీ నుంచి ఇక్కడికి వచ్చింది. ఈ బండి ప్రయాణం మన ప్రయాణం లాంటిదే. రాయల్ ఎన్‌ఫీల్డ్ పుట్టిల్లు రెడిచ్, మా ఇంటికి గంట లోపు దూరం. 1950ల మొదట్లో భారత సైన్యం 350 సీసీ బుల్లెట్లు కావాలని ఆర్డరు ఇచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో మిగిలిన ఉత్పత్తి 1970తో ఆగిపోయింది. మద్రాసులో మాత్రం అదే బండి తయారవుతూనే ఉంది. 1977 నుంచి అక్కడి బండ్లు ఇంగ్లండ్‌కే ఎగుమతి కావడం మొదలైంది. ఇప్పుడు పాత బుల్లెట్లకు విడిభాగాలు, మెరుగైన భాగాలు అమ్మే పేరున్న దుకాణం హిచ్‌కాక్స్ ఉన్నది సోలిహల్ ప్రాంతంలో. నా చేతికొచ్చిన డబ్బాల్లో కొన్నిటి మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని ఉంటుంది. నాన్నగారికి ఈ మాట చెబితే తెగ నవ్వారు.

పద్దెనిమిది గుర్రాల లెక్క

మన దగ్గర బండి పెర్ఫార్మెన్స్ అంటే చాలాకాలం మైలేజీయే. లీటరుకు ఎంతిస్తుంది అన్నదే మొదటి ప్రశ్న. అందుకోసం బుల్లెట్‌కి డీజిల్ ఇంజిన్ బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. ఎన్‌ఫీల్డ్ తానే టారస్ పేరుతో డీజిల్ బండి అమ్మింది, అందులో ఉన్నది ఆరున్నర గుర్రాల శక్తి. ఆ తర్వాతి తరానికి పెర్ఫార్మెన్స్ అంటే సౌండు. పోలీసులు మార్చిన సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు మన పేపర్లలో చూస్తూనే ఉంటాం. ఇక్కడికొచ్చాక కొత్త అవసరం వచ్చింది. చుట్టూ కార్లు 60, 70 మైళ్లలో పోతుంటే, వాటి మధ్య నలిగిపోకుండా పోవాలి.

ఆ అవసరం నిజమే. కానీ పాత 350 ఏం చేయగలదో ముందు చూడండి. 346 సీసీ, 18 గుర్రాల శక్తి, అదీ నిమిషానికి 5,625 తిప్పినప్పుడు. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. అంటే పిస్టన్ ఒక్కో చుట్టుకు 90 మిల్లీమీటర్లు పైకి, 90 కిందకి తిరగాలి. ఆ గరిష్ఠ వేగంలో పిస్టన్ సగటున సెకనుకు దాదాపు 17 మీటర్లు పరుగెత్తుతుంది. కాసేపు పరుగెత్తగలదు. గంటసేపు మోటార్‌వే మీద అలాగే పరుగెత్తమంటే, పోతపోసిన ఇనప బోరు, గాలితో మాత్రమే చల్లబడే ఇంజిన్, నాన్నగారి కాలం నాటి ఆయిల్ పంపులు దాన్ని మోయాలి.

ఇంకో లెక్క మరీ ముఖ్యం. వేగం 40 నుంచి 60 మైళ్లకు పెరిగితే, ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు అవుతుంది. ఇక్కడి హైవే కోడ్ ప్రకారం 40 మైళ్ల వేగంలో ఆగడానికి 36 మీటర్లు, 60లో 73 మీటర్లు పడుతుంది. అది మంచి బ్రేకులున్న కారుకి. పాత డ్రమ్ బ్రేకు ఉన్న బుల్లెట్‌కి ఎంత పడుతుందో లెక్కలు చెప్పక్కర్లేదు, ఒకసారి రౌండెబౌట్ ముందు నొక్కి చూస్తే తెలుస్తుంది.

సీజైన రోజు సాయంత్రం నాన్నగారికి వీడియో కాల్ చేశాను. ఆయన తిట్టలేదు. ‘జెట్ మార్చావా తల్లీ?’ అని మాత్రం అడిగారు. మర్నాడు ఫోను పట్టుకుని తెనాలిలో తన పాత మెకానిక్ దగ్గరికే వెళ్లారు. ఆ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ‘అమ్మాయిగారూ, ప్లగ్గు చూపించండి’ అన్నాడు. చూపించాను. సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. ‘ఇది చూశాక కూడా బండి నడిపారా?’ అన్నాడు. చూడలేదు మరి. విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు.

ముందు ఆగడం నేర్పాలి

రెండోసారి పని మొదలుపెట్టినప్పుడు ఇంజిన్ ముట్టుకోకుండా ముందు చక్రం విప్పాను. నా బండికి ఉన్నది సింగిల్ లీడింగ్ షూ డ్రమ్. డ్రమ్ములో రెండు షూలు ఉంటాయి. వాటిలో ఒకటి మాత్రం చక్రం తిరిగే దిశలోకి దూసుకెళ్తుంది, కాబట్టి డ్రమ్మే దాన్ని ఇంకా గట్టిగా లోపలికి లాక్కుంటుంది. రెండోది వెనకపడి రుద్దుతుంది, పెద్దగా పని చేయదు. ట్విన్ లీడింగ్ షూ ప్లేటులో రెండు షూలూ మొదటి దానిలాగే పనిచేసేలా పైన ఇంకో లివరు, రెంటినీ కలిపే కడ్డీ ఉంటాయి. తర్వాతి కాలం బుల్లెట్లకు వచ్చిన 7 అంగుళాల ప్లేటు, హబ్బు దొరుకుతాయి. పూర్తి డిస్కుకి మారాలంటే ఫోర్కు కాలు, హబ్బు, మాస్టర్ సిలిండర్ అన్నీ మార్చాలి. నాకు బండి ముఖం మారడం ఇష్టం లేదు, డ్రమ్ములోనే ఆగాను.

అయితే ప్లేటు కొనేముందు మూడు చవక పనులు చేసి చూడండి. డ్రమ్మును లేతులో పెట్టి గుండ్రంగా ఉందో లేదో చూపించండి. కోడిగుడ్డు ఆకారంలోకి పోయిన డ్రమ్ములో ఎంత ఖరీదైన షూ వేసినా ఒక పక్కే తగులుతుంది. షూలకు మెత్తటి రకం లైనర్లు కొత్తగా అంటించమనండి. పాత కేబుల్ పారేసి, సాగని మందపాటి కేబుల్ వేయండి. ఈ మూడింటికీ కలిపి నాకైన ఖర్చు, మా ఇంటిల్లిపాదీ ఒకసారి బఫేకి వెళ్లినదానికంటే తక్కువ. టీఎల్ఎస్ ప్లేటు వేస్తే మాత్రం రెండు షూలూ ఒకేసారి తగిలేలా ఆ కలిపే కడ్డీని సరిచేయాలి. అది చేయక, ‘కొత్త బ్రేకు పాతదానికంటే అన్యాయంగా ఉంది’ అని మా మిత్రుడొకరు నాలుగు నెలలు తిట్టుకుంటూ తిరిగాడు. ఇంకో సంగతి, టీఎల్ఎస్ బండిని ఎత్తు మీద ఆపితే వెనక్కి దొర్లేటప్పుడు అది సరిగ్గా పట్టదు. వెనక బ్రేకు మీద కాలు ఉంచాలి. పాత బుల్లెట్‌కి అది ఎడమ కాలు, గేర్లు కుడి కాలు. ఆ విషయం మీ మెదడుకి నాలుగు వారాలైనా నేర్పాలి.

టైర్లు కూడా ఇందులో భాగమే. పక్కగోడ మీద చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. నా బండి వెనక టైరు ట్రెడ్డు కొత్తదానిలా ఉంది, వయసు చూస్తే మా పెద్దాడికంటే పెద్దది. రాయిలా గట్టిపడిపోయింది. తీసేశాను.

రవ్వ సరిగ్గా పడాలి

బ్రేకుల తర్వాత ఇగ్నిషన్. పాత బుల్లెట్ స్టార్ట్ చేయడం ఒక పూజ. యాంప్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కర్‌ని మెల్లగా నొక్కాలి. ముల్లు మధ్యకొచ్చిందంటే పాయింట్లు తెరుచుకున్నాయని అర్థం. అప్పుడు డీకంప్రెసర్ లాగి, పిస్టన్‌ని కాస్త దాటించి, వదిలి ఒక్కటే దెబ్బ. నేను ఐదో తరగతిలో ఉండగా నాన్నగారు ఆ ముల్లు చూసే పని నాకు అప్పజెప్పేవారు. ‘వచ్చింది’ అని నేను అరిస్తే ఆయన కొట్టేవారు.

ఆ పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అరిగేకొద్దీ గ్యాపు మారుతుంది, గ్యాపుతో పాటు టైమింగు మారుతుంది. దానికి తోడు వేగాన్ని బట్టి టైమింగును ముందుకు జరిపే చిన్న బరువులు, వాటి స్ప్రింగులు నలభై ఏళ్లకు వదులైపోతాయి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేస్తే పాయింట్లూ ఉండవు, బరువులూ ఉండవు. తిరిగే అయస్కాంతాలను ఒక చిన్న ప్లేటు గుర్తుపడుతుంది, డబ్బా లెక్క చూసి రవ్వ వేస్తుంది. గుర్రాల శక్తి పెరిగిందని ఎవరైనా అంటే నమ్మకండి, పోయిన శక్తి తిరిగి వస్తుంది అంతే. కానీ నా అనుభవంలో, పెట్టిన డబ్బుకి ఇంజిన్ మీద ఏ భారమూ వేయకుండా అత్యంత మేలు చేసిన భాగం ఇదే. తక్కువ వేగంలో నిదానంగా, తడబడకుండా తిరుగుతుంది. ట్రాఫిక్ లైట్ల దగ్గర ఆగిపోదు.

దీనికీ ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఇలాంటి కిట్లకు మంచి బ్యాటరీ కావాలి. వోల్టేజీ పడిపోతే రవ్వ ఎప్పుడు పడుతుందో చెప్పలేం, కిక్కర్ వెనక్కి తన్ని చీలమండ విరగ్గొట్టగలదు. కాబట్టి 6 వోల్టుల బండి అయితే 12కి మార్చడం, రెక్టిఫైయర్, రెగ్యులేటర్ సరిచూడటం, నలభై ఏళ్ల వైరింగుని తీసేసి కొత్తది వేయడం దానికి ముందు. నా బండిని పాత యజమానే 12 వోల్టులకు మార్చి ఉంచాడు, నా అదృష్టం. నష్టం ఒక్కటే. పాయింట్లు లేకపోతే యాంప్ మీటరు ముల్లు మధ్యకు రావడం, ‘వచ్చింది’ అనడం ఉండవు.

గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి

ఇప్పుడు నా సీజు కథ. బుల్లెట్‌కి వచ్చిన సైలెన్సర్ లోపల అడ్డుగోడలు ఉంటాయి. ఫ్రీ-ఫ్లో సైలెన్సర్‌లో అవి తక్కువ, పొగ సులువుగా పోతుంది. ఓపెన్ ఫిల్టరుతో గాలి సులువుగా వస్తుంది. అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పెరిగింది. నా పాత మిక్‌కార్బ్ వీఎం24 స్థానంలో పెద్ద గొంతు ఉన్న కార్బొరేటర్ పెట్టాను. గొంతు పెద్దదైతే అందులో గాలి వేగం తగ్గుతుంది, పెట్రోలుని పైకి లాగే పీల్పు తగ్గుతుంది. డబ్బాలో నాలుగు జెట్లు ఇచ్చారు. ఏది వేయాలో చూడకుండా మధ్యది బిగించి ఊరుకున్నాను. ఫలితం, గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. అలాంటి మిశ్రమం వేడిగా మండుతుంది. అల్యూమినియం పిస్టన్ ఇనప బోరుకంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. రెంటి మధ్య ఉండే సందు మిల్లీమీటరులో పదో వంతు అటూఇటూ. ఏడు నిమిషాల్లో ఆ సందు పోయింది.

సరైన పద్ధతి ఏమంటే, ఒకసారి ఒక్క భాగమే మార్చాలి. పెద్ద జెట్ నుంచి మొదలుపెట్టి చిన్నదానికి రావాలి. పెట్రోలు ఎక్కువైతే బండి నల్లపొగ వదిలి మందంగా నడుస్తుంది, అంతేగానీ సీజవదు. కాసేపు ఫుల్ థ్రాటిల్‌లో నడిపి, క్లచ్ నొక్కుతూనే ఇంజిన్ ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. తెలుపైతే పెట్రోలు చాలడం లేదు, మసి పడితే ఎక్కువైంది, బిస్కెట్ రంగైతే దగ్గరికి వచ్చాం. ఇప్పటి పెట్రోలుతో ఈ రంగులు పాతకాలంలోలా స్పష్టంగా ఉండవన్నది నిజం. సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి మీటరుతో చూసేవాళ్లు పెరిగారు. నాకు మాత్రం ప్లగ్గే గురువు, తెనాలి పెద్దాయన చెప్పాడు కాబట్టి.

పెట్రోలు సంగతి కూడా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది. పైగా పాత రబ్బరు గొట్టాలను, సీళ్లను తింటుంది, నీటిని పీల్చుకుంటుంది. బంకుల్లో సూపర్ అన్‌లెడెడ్ సాధారణంగా ఈ5. లీటరుకు కొన్ని పెన్నీలు ఎక్కువైనా పాత బండికి అదే పోయండి, ఇథనాల్‌కి తట్టుకునే గొట్టం వేయండి. చలికాలం బండి మూలన పెట్టేముందు కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయండి. మన ఊళ్లో బుల్లెట్ ఉంచుకున్నవాళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం, అక్కడ ఇప్పుడు దొరికేది ఇరవై శాతం కలిసిన పెట్రోలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లైతే ఎండాకాలం మధ్యాహ్నాలు గాలితో చల్లబడే ఇంజిన్‌ని బయటికే తీయకండి, ఏ జెట్టూ కాపాడదు.

ఎవరూ చూడని భాగాలు

మెరిసే భాగాలకు ఉన్న గిరాకీ ఆయిల్ భాగాలకు ఉండదు. బుల్లెట్ ఇంజిన్‌కి కింద ఒక రబ్బరు బ్రీదర్ ఉంటుంది, బాతు ముక్కులా ఉంటుంది కాబట్టి డక్‌బిల్ అంటారు. పిస్టన్ కిందకి వచ్చినప్పుడు లోపలి గాలిని బయటికి వదిలి, పైకి వెళ్లినప్పుడు మూసుకోవాలి. అది గట్టిపడి మూసుకోకపోతే లోపల ఒత్తిడి పెరిగి ప్రతి జాయింటులోంచీ ఆయిల్ కారుతుంది. ‘బుల్లెట్ అంటే కారుతుందండీ’ అని మనం గర్వంగా చెప్పుకొనే కారుడులో సగం ఈ రబ్బరు ముక్కదే. మార్చడానికి పది నిమిషాలు.

అసలైన బలహీనత కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు. పాత బుల్లెట్‌లో అక్కడ ఉన్నది ఫ్లోటింగ్ బుష్. ఆయిల్ ధారగా అందినంతకాలం మెత్తగా, మౌనంగా పనిచేస్తుంది. ఎక్కువ వేగంలో ఎక్కువసేపు తిప్పి, ఆయిల్ చాలకపోతే అదే ముందు పోతుంది. ఎక్కువ ఆయిల్ ఇచ్చే పంపులు, బుష్ బదులు రోలర్ బేరింగు కిట్లు దొరుకుతాయి. శక్తి పెంచే ఆలోచన ఉంటే ఇవి ముందు, పిస్టన్ తర్వాత. 500 సీసీ ఉన్నవాళ్లు బోరుని 84 నుంచి 87 మిల్లీమీటర్లు చేసి 535 సీసీ కిట్ వేసుకుంటారు. బాగుంటుంది, నేను ఒకరిది నడిపి చూశాను. కానీ ఆ శక్తి తర్వాత వెళ్లేది క్లచ్ ప్లేట్లకి, ఆ తర్వాత నాలుగు గేర్ల ఆల్బియన్ గేర్‌బాక్సుకి. వాటి మాట కూడా చూసుకునే డబ్బు, ఓపిక ఉంటేనే మొదలుపెట్టాలి.

వేగం కోసం నేను చివరికి చేసింది ఒక్కటే, అదీ ఒక్క పన్ను. గేర్‌బాక్స్ ముందు స్ప్రాకెట్ 16 పళ్లది తీసి 17 పళ్లది వేశాను. అదే వేగంలో ఇంజిన్ ఆరు శాతం తక్కువ తిరుగుతుంది. 50 మైళ్ల దగ్గర వణుకు తగ్గింది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఒక గేరు ముందే దిగాలి. స్ప్రాకెట్ ధర తక్కువే గానీ అది క్లచ్ వెనక ఉంటుంది, ప్రైమరీ కేసు మొత్తం విప్పాల్సిందే. ఒక శనివారం పోయింది.

కాగితాలూ చూసుకోండి

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు రెండు ముక్కలు. నలభై ఏళ్లు దాటిన బండికి దరఖాస్తు చేసుకుంటే రోడ్ ట్యాక్స్ ఉండదు, పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ కూడా అక్కర్లేదు. భద్రత కోసం బ్రేకులు మెరుగుపరచడం, అదే ఇంజిన్‌లో సీసీ తేడా ఉండటం పెద్ద మార్పు కింద రావు. సస్పెన్షన్, స్టీరింగ్ రకాన్నే మార్చేస్తే రావచ్చు. ఎంఓటీ అక్కర్లేకపోయినా బండి రోడ్డుకి పనికొచ్చే స్థితిలో ఉండాల్సిన బాధ్యత మనదే. నేను ఏటా డబ్బు కట్టి ఎంఓటీ చేయించుకుంటున్నాను, ఇంకో జత కళ్లు చూస్తాయని. ‘నాట్ ఫర్ రోడ్ యూజ్’ అని ముద్ర ఉన్న సైలెన్సర్ వేస్తే ఆ పరీక్షలో పోతుంది. మార్చిన ప్రతి భాగాన్నీ ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి, చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజు వాళ్లు గుర్తుచేస్తారు. కారు లైసెన్సుతో బుల్లెట్ నడపొచ్చనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కుదరదు. సీబీటీ, థియరీ, రెండు మాడ్యూళ్లు పూర్తిచేయాల్సిందే. ఇంటి దగ్గర పదేళ్లు నడిపిన నేనే మాడ్యూల్ వన్‌లో ఒకసారి తప్పాను.

బోర్నవీటా డబ్బా

తీసేసిన ఏ భాగమూ పారేయకండి. పాత బండి విలువ అసలు భాగాల్లోనూ ఉంటుంది, రేపు మనసు మారితే తిరిగి బిగించుకోవచ్చు కూడా. నా పాత పాయింట్లు, కార్బొరేటర్, సైలెన్సర్, గీతలు పడిన పిస్టన్ అన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి. చిన్నవి బోర్నవీటా డబ్బాలో. సీజైన బోరుని తర్వాతి సైజుకి చేయించి, కొత్త పిస్టన్ వేసి, ఐదు వందల మైళ్లు 40 దాటకుండా నడిపాను. సైలెన్సర్ పాతదే. కార్బొరేటర్ పాతదే, ఒక సైజు పెద్ద జెట్‌తో.

నిరుడు ఆగస్టులో అమ్మానాన్నలు వచ్చారు. జెట్‌లాగ్ తీరకముందే నాన్నగారు గ్యారేజీలో ఉన్నారు. ట్యాంకు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. తర్వాత కిక్కర్ మెల్లగా నొక్కి యాంప్ మీటరు వైపు చూశారు. ముల్లు కదల్లేదు. మళ్లీ నొక్కారు. ‘వైరు ఊడిందేమో చూడమ్మా’ అన్నారు. ఎలక్ట్రానిక్ కిట్ సంగతి చెప్పాను. ‘మంచిదే’ అన్నారు, అనే తీరులో మంచిదని లేదు. రాత్రి భోజనాల దగ్గర, పాత పాయింట్లు ఎక్కడున్నాయని అడిగారు. మర్నాడు చూస్తే బోర్నవీటా డబ్బా మూత తీసి ఉంది, ఆయన గోళ్ల ఆకురాయితో పాయింట్లు శుభ్రం చేస్తున్నారు.

రెండ్రోజులు పట్టింది మళ్లీ పాతవి బిగించి టైమింగు పెట్టడానికి. పిస్టన్ పైకి రావడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు తెరుచుకోవాలి. సిగరెట్ డబ్బా కాగితం పాయింట్ల మధ్య పెట్టి లాగుతూ చూడటం ఆయనకు అలవాటు. ఇక్కడ సిగరెట్లు లేవు, మా పాప చాక్లెట్ రేపర్‌తో కానిచ్చారు. కిట్ ఇప్పుడు అట్టపెట్టెలో ఉంది. ఆయన తెనాలి వెళ్లాక తిరిగి వేద్దామనుకున్నాను, ఇంకా వేయలేదు.

ఆ ఆదివారం ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని రెడిచ్ వైపు బయల్దేరాను. కిక్కు నేనే కొట్టాను, ముల్లు ఆయన చూశారు. ‘వచ్చింది’ అన్నారు. మోటార్‌వే వైపు వెళ్లలేదు, హెన్లీ ఇన్ ఆర్డెన్ మీదుగా చిన్న రోడ్లు పట్టుకున్నాం. ఒక మలుపు తిరగ్గానే ఎదురుగా గుర్రం మీద ఓ అమ్మాయి, రోడ్డు మధ్యకి. బ్రేకు నొక్కాను. బండి తిన్నగా, తొణక్కుండా ఆగింది. గుర్రం దాటిపోయేదాకా ఇంజిన్ నిదానంగా దడదడమంటూనే ఉంది. నా గుండె కుదుటపడటానికి కాస్త టైము పట్టింది గానీ వెనకున్నాయనకి ఏమీ తెలిసినట్టు లేదు. మళ్లీ 45 దగ్గర పెట్టి పోతుంటే భుజం తట్టారు. ఏమైందోనని తల వంచాను.

‘ఇంకాస్త లాగొచ్చు కదమ్మా’ అన్నారు.